మా అక్క పట్టిక, మావయ్యగారి డిటోలు

మొన్న మా కాలేజీ ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, వార్షిక సంచిక కోసమని ఒక పట్టికను స్ప్రెడ్‌షీట్‌లోంచి తీసి పేజీలో అతికించింది. అతికించీ అతికించగానే ఆ పట్టిక పేజీ కుడి అంచు దాటింది, కంప్యూటరు తెర దాటింది, నా అంచనా ప్రకారం కిటికీ కూడా దాటి బస్టాండు దిక్కుగా సాగిపోయింది. వెనక మిగిలిన అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, పండగ ముందు రోజు ప్యాసింజరు బండిలో జనంలా ఊపిరాడక నిలబడ్డాయి. "ఇదేటి సార్, టేబులు పారిపోతంది!" అంది ఆ అమ్మాయి. నేను కళ్లజోడు సవరించుకుని, శస్త్రచికిత్స చేయబోయే డాక్టరు మొహం పెట్టి, "గోడలతో సహా ఎత్తుకొచ్చేశావమ్మా. సామాను మాత్రం తీసుకురా. గోడలు ఇక్కడ కట్టుకుందాం" అన్నాను. వడదెబ్బ తగిలిన మనిషిని చూసినట్టు చూసింది నన్ను. "మీరు డీటీపీ సేసినారేటి సార్?" అంది చివరికి. నేను చెయ్యలేదు. మా అక్క చేసింది. నేను ఆవిడ వెనక బల్ల మీద కూర్చుని వడలు తిన్నాను. కానీ ఒక విద్య పక్కన అన్నేళ్లు కూర్చుని తింటే తినేవాడికి కూడా కాస్త అంటుకుంటుంది. నేను ఉన్నదానికి నాలుగింతలు చేసి చెబుతానని మా బంధువర్గంలో ఒక అపవాదు ఉంది. అది పచ్చి అబద్ధం. రెండింతలే చేస్తాను. మా అక్క విషయంలో ఆ రెండింతలు కూడా అక్కర్లేదు గానీ, అలవాటు ఎక్కడికి పోతుంది?

అక్క కాపురం ఒడిశా బరంపురంలో, లంజిపల్లి పేటలో. బావ బ్యాంకు ఉద్యోగి. బావ తండ్రి, అంటే అక్క మావగారు, రైల్వే గూడ్స్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఆయన్ని నేనూ మావయ్యగారనే పిలిచేవాణ్ణి. ఆ ఇంటి వీధిగదిలో ఒకప్పుడు బావ స్కూటరు ఉండేది. ఒకరోజు అక్క ఆ స్కూటరును వీధిలోకి గెంటి, దాని స్థానంలో కంప్యూటరు బల్ల వేసింది. స్కూటరు ఆనాటి నుంచి వానకు తడుస్తూనే ఉంది. అది ఎంత తుప్పు పట్టిందో బరంపురంలో తెలుగు అచ్చు అంత వెలిగిందని నా సిద్ధాంతం. అంతకు ముందు అక్క హల్దియాపదర్‌లో ఒక ఒడియా ఆయన ప్రెస్సులో పని నేర్చుకుంది. అక్కడ ఒడియా, ఇంగ్లీషు కూర్చేవారు. తెలుగువాళ్లు ఎవరైనా పెళ్లి కార్డు కోసం వస్తే ప్రెస్సు యజమాని చేతులు జోడించి, "ఇచ్ఛాపురం జాఅంతు ఆజ్ఞా" అనేవాడు, ఇచ్ఛాపురం వెళ్లండి బాబూ అని. కార్డు కోసం మనవాళ్లు రైలెక్కి రాష్ట్రం దాటి ఇచ్ఛాపురం వెళ్లేవారు. పెళ్లికూతురు ఇక్కడే, పెళ్లికొడుకు ఇక్కడే, పురోహితుడు ఇక్కడే, అక్షరాలు మాత్రం ఇచ్ఛాపురంలో. ఈ అవమానం మా అక్క సహించలేకపోయింది. ఆర్నెల్లు తిరక్కుండా తెలుగు ఫాంట్లు తెప్పించి, నేర్చి, కూర్చి, రెండు వైపుల వియ్యపురాళ్లూ తప్పు పట్టలేని పెళ్లి కార్డు ఒకటి బయటికి తీసింది. వియ్యపురాళ్లు తప్పు పట్టలేని వస్తువు ఈ భూమ్మీద అదొక్కటే అని నేను సాక్ష్యం చెప్పగలను.

అయితే కార్డులు కాదు, అక్కకు అసలు పేరు తెచ్చింది పట్టికలు. స్ప్రెడ్‌షీట్‌లో ఉన్న పట్టికను పుస్తకం పేజీలోకి తేవడమనేది, తెలియనివాళ్లకి, ఇక్కణ్ణించి తీసి అక్కడ పెట్టడం. తెలిసినవాళ్లకి తెలుసు అదేమిటో. షీటులో బుద్ధిగా కూర్చున్న గడులు పేజీలోకి రాగానే పెళ్లి పందిట్లో పిల్లల్లా అయిపోతాయి. గీతలు రెండేసి మూడేసి పడతాయి, ఒక గడి బెత్తెడు, పక్క గడి బారెడు, రంగులు ఎక్కణ్ణించో దిగుతాయి. దీనికి మా అక్క దగ్గర ఒక శాస్త్రం ఉండేది. చిన్నప్పుడు మా నాన్న రైల్వే ఉద్యోగంలో మేం ఎన్ని క్వార్టర్లు మారామో అన్ని మార్పుల అనుభవమూ అందులో ఉంది. "పట్టికని తేవడమంటే ఇల్లు మారడంరా తమ్ముడూ. పాతింటి గోడలు పీకి బండెక్కిస్తే కొత్తింట్లో పడతాయేటి? సామాను తెచ్చుకో. గోడలు ఇక్కడ కట్టుకో" అనేది. అందుకని ఆవిడ షీటులోంచి పట్టికను ఎత్తేటప్పుడు రంగులు, గీతలు, ఫాంట్లు అన్నీ అక్కడే వదిలేసి ఉత్త అక్షరాలు మాత్రం తెచ్చేది. గడికీ గడికీ మధ్య ఒక ట్యాబు, వరసకీ వరసకీ మధ్య ఒక ఎంటరు, అంతే. ఆ ఉత్త అక్షరాల వరసల్ని, కందిపప్పులో రాళ్లు ఏరినట్టు, ఎక్కడ ట్యాబు ఎక్కువైందో ఎక్కడ తక్కువైందో చూసి చూసి, అప్పుడు పేజీలో దానికి కొత్తగా పట్టిక కట్టేది. పేజీ వెడల్పు కొలిచి నిలువు గడులకు పంచేది. గడుల పేర్లుండే తలకట్టు వరస ప్రతి పేజీ పైనా దానంతటదే వచ్చేలా చెప్పేది. గీతలు అన్నింటికన్నా చివర. "ముందే గీతలు గీసుకుంటే తప్పు కనపడదు. అందంగా ఉన్నదాంట్లో తప్పెవడు ఎతుకుతాడు?" అనేది. ఈ మాట నేను తర్వాత చాలా చోట్ల, చాలా మంది మనుషుల మీద కూడా వాడుకున్నాను.

ఇక అసలు సంగతి. బరంపురం తెలుగు సంఘంవాళ్లకి ఒక పుస్తకం వెయ్యాలన్న సంకల్పం కలిగింది. స్వాతంత్ర్యం తర్వాత ఉత్తరాంధ్ర నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఇటు వచ్చి, రైల్వేలోనూ మిల్లులోనూ ఆఫీసుల్లోనూ చేపల వేటలోనూ కుదురుకున్న కుటుంబాలన్నిటి జాబితా. ఆ జాబితా ఎక్కడిదంటే మావయ్యగారిది. రిటైరైన మర్నాటి నుంచి ఆయన సైకిలెక్కి హల్దియాపదర్ నుంచి సోనేపూర్ సముద్రపొడ్డు దాకా ఇల్లిల్లూ తిరిగి, బారెడు రిజిస్టరులో రాసిపెట్టారు: ఇంటిపేరు, మొదట వచ్చిన పెద్ద పేరు, సొంత ఊరు, చేసిన పని, మొదట కాపురమున్న ఇల్లు. ఆ సైకిలు తిరిగిన దూరం కలిపితే చంద్రమండలం సగం దూరం వస్తుందని నా లెక్క. బావ మాత్రం అంత రాదంటాడు. ఆయన బ్యాంకు మనిషి, ఊహ తక్కువ.

సంఘం అధ్యక్షులు బట్టల వ్యాపారి. నిండు మనిషి, నిండు గొంతు. పుస్తకం మాట రాగానే, "విశాఖపట్నం పంపించీద్దాం. అక్కడోళ్లకి రోజూ ఇదే పని" అన్నారు. మా అక్క లేచి నిలబడి, ఇక్కడే వేస్తాం, నేను కూరుస్తాను అంది. "పెల్లి కార్డంటే వేరు, పుస్తకమంటే వేరమ్మా. ఊరి పేరు ఒక్కటి తప్పినాదనుకో, ఆ ఇంటోళ్లు మన గుమ్మంలో కూకుంటారు" అన్నారాయన. అప్పుడు మా అక్క నలుగురి ముందూ ఒక మాట అనేసింది. "ఒక్క గడి తప్పినా సరే, నా సిస్టం మీద గుడ్డ కప్పీసి మళ్లీ తెలుగు పని ముట్టను." నేను నోట్లో ఉన్న అప్పడం నమలడం ఆపేశాను. వచ్చే నెల మొదటి ఆదివారం సమావేశం, ఆ రోజు ప్రూఫు చూసి తేల్చుకుందాం అని అధ్యక్షులు ముగించారు. వీధిలోకి వచ్చాక, "అంత మాటెందుకన్నావక్కా?" అన్నాను. "నోరు జారిపోనాదిరా. జారింది జారిపోనాది, ఇంక నిలబెట్టుకోవాలి" అంది.

రిజిస్టరును షీటులోకి ఎక్కించే పని మావయ్యగారు ఎవరికీ ఇవ్వలేదు. తన దస్తూరీ తనకే అర్థమవుతుందన్నారు. నిజం. ఆ దస్తూరీ చీమ సిరాలో పడి, లేచి, ఇంటికి నడిచి వెళ్లినట్టుండేది. కంప్యూటరు ఆయన అరవై దాటాక నేర్చుకున్నారు గానీ, చేతులు మాత్రం పాత టైపు మిషనువే. ఒక్కో అక్షరం మీదా సమ్మెట పెట్టి కొట్టినట్టు కొట్టేవారు. ఆ చప్పుడుకి ఎదురింటి పిల్లి మూడు వారాలు అన్నం ముట్టలేదు. ఊరి పేరు గడి మధ్యలో కనపడాలని స్పేసు బారు మీద బొటనవేలితో తప్పెట వాయించేవారు. ఫలితంగా ఒక్కో ఊరికి ముందు ఖాళీలు రైల్వే ప్లాట్‌ఫారం అంత ఉండేవి.

ఆ ఫైలు అక్క చేతికి వచ్చాక మొదలైంది యుద్ధం. ముందు ఆ ఖాళీలన్నీ ఊడ్చింది. తర్వాత పాత ఫాంటులో ఉన్న అక్షరాల్ని యూనికోడ్‌లోకి మార్చింది. మార్చేదాకా ఇంటిపేర్లన్నీ ఇంగ్లీషు బొమ్మల్లా, తిట్ల భాషలా కనపడ్డాయి. ఆ తర్వాత ఇళ్ల నిలువు వరస. రైల్వే, మిల్లు క్వార్టర్ల నంబర్లు మూడు బై నాలుగు, ఏడు బై రెండు అని ఉంటాయి కదా. మావయ్యగారు 3/4 అని కొట్టి ముందుకు పోయారు. ఆయన అటు తిరగ్గానే షీటు దాన్ని తారీకు కింద మార్చేసి కూర్చుంది. గడి ఇరుకుగా ఉన్నంతసేపూ కంచె కట్టినట్టు గీతలు కనపడ్డాయి. వెడల్పు చేస్తే ఏముంది, ఏప్రిల్ మూడు! మిల్లు మేస్త్రీ కాపురమున్న ఇల్లు ఏప్రిల్ మూడు. గార్డు కాపురమున్న ఇల్లు ఫిబ్రవరి ఏడు. "ఇదేటి మావయ్యగారూ, వీళ్లందరూ క్యాలెండర్లో కాపురమున్నారేటి?" అంది అక్క. "నాను అలా కొట్టలేదమ్మాయ్. ఆ మిషనే సేసినాది" అన్నారాయన. నిజంగానే మిషనే చేసింది. ఇది అంకె కాదు, అక్షరం అని గడికి ముందే చెప్పి, ఆ తర్వాతే నంబరు వెయ్యాలి. అక్క ఆ నిలువు వరస మొత్తాన్ని అక్షరాల గడులుగా మార్చి, ప్రతి ఇంటి నంబరూ మళ్లీ కొట్టింది. జనాన్ని క్యాలెండర్లోంచి దింపి క్వార్టర్లకు చేర్చింది.

అంతా సర్దాక, అధ్యక్షులు కోరినట్టు ఇంటిపేర్లను అకారాది క్రమంలో పెట్టింది. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు: ఒక్క ఇంటిపేర్ల నిలువు వరసనే క్రమంలో పెట్టి, మిగతా గడుల్ని ఎక్కడివక్కడ వదిలేస్తారు, ఒకరి తాత ఇంకొకరింట్లో తేలతాడు. మా అక్క ఆ తప్పు చెయ్యదు. వరసకు వరసే కదిలేలా చేసింది. తర్వాత గోడలు వదిలి సామాను తెచ్చి, పేజీలో కొత్త పట్టిక కట్టి, ప్రూఫు తీసింది. ఆ పేజీ చూశాను నేను. అబ్బ! గడులు కొబ్బరి మట్టలు అల్లిన తడిక లాగా పొందిగ్గా ఉన్నాయి. నా జాతకం కూడా అంత క్రమంగా లేదు. సమావేశానికి వారం ముందు ఆ ప్రూఫులు కొన్ని అధ్యక్షుల ఇంటికి, మరికొన్ని నాలుగైదు ఇళ్లకి వెళ్లాయి.

రెండో రోజే సోనేపూర్ పెద్దమ్మ వచ్చింది. ఊళ్లో అందరికీ పెద్దమ్మే ఆవిడ. వారానికోసారి ఎండుచేపల బుట్టతో బస్సు దిగి, బుట్ట ఖాళీ అయ్యాక అక్క అరుగు మీద టీ తాగి వెళ్లేది. చదువు పెద్దగా లేదు గానీ, కూడబలుక్కుని తెలుగు చదవగలదు. ప్రూఫు కాగితం ఒళ్లో పెట్టుకుని, వేలు తమ వరస మీద ఆనించి, "ఇదేటే అమ్మా, మా ఊరి గడిలో డిటో అని ఉంది?" అంది.

"పైనున్న ఊరేనన్నమాట పెద్దమ్మా" అంది అక్క, తల ఎత్తకుండా.

"పైన రాజమండ్రి ఉంది."

అక్క తల ఎత్తింది.

"మాది బారువ గదేటి! మా మావ బారువ నుంచి పడవ మీదొచ్చినాడు. మమ్మల్ని గోదాట్లో కలిపీసినావేటే? నా సావుకి నా మనవలు రాజమండ్రి ఎల్లి ఎతుక్కుంటారేటి నా అత్తోరిల్లు?"

నాకు నవ్వు వచ్చింది. అక్క మొహం చూసి మింగేశాను. అక్క ప్రూఫు లాక్కుని వేలితో పై నుంచి కిందికి దిగింది. డిటో, డిటో, టెక్కలి, డిటో, డిటో, కాకినాడ, డిటో. సంగతేమిటంటే, మావయ్యగారు నలభై ఏళ్లు గూడ్స్ ఆఫీసులో రాసిన చేత్తో రాశారు. ఆ ఆఫీసుల్లో పై వరసలో ఉన్నదే కింద కూడా ఉంటే, మళ్లీ రాయరు. డిటో అని పెడతారు. రిజిస్టరులో ఒక ఊరివాళ్లందరినీ ఒక చోట రాసుకున్నారు గనక, పైన బారువ, కింద వరసగా డిటోలు. చక్కగా సరిపోయింది. అవన్నీ అకారాదిలోకి వచ్చేసరికి, పైనున్నవాళ్లు ఎక్కడికో పోయారు, డిటోలు మాత్రం వెంట వచ్చి కొత్త పొరుగువాళ్ల ఊళ్లకి అతుక్కున్నాయి. మరి అక్క ఎందుకు చూడలేదు? రైల్వే ఇంట్లో పుట్టి, రైల్వే ఇంట మెట్టిన మనిషి. మా ఇళ్లలో చాకలి పద్దు మీద డిటో, కిరాణా చీటీ మీద డిటో, నా ప్రోగ్రెస్ రిపోర్టులో సున్నా కింద సున్నా వేస్తే మా నాన్న దాన్నీ డిటో అనే చదివేవారు. ఊపిరి తీసుకోవడం ఎవరైనా గమనిస్తారా?

మావయ్యగారు ఒప్పుకోలేదు. "నలభై ఏళ్లు డిటో పెట్టినాను. ఒక్క వ్యాగను దారి తప్పలేదు. నా వరసని కదిపింది నువ్వు గదమ్మాయ్" అన్నారు, కుర్చీ చేతుల మీద గట్టిగా వేళ్లు బిగించి. "నానే కదిపినాను మావయ్యగారూ. ఇప్పుడు సరిసెయ్యాలి. రిజిస్టరు తీసుకురండి, మీరు సదవండి, నాను నింపుతాను" అంది అక్క.

ఆయన కొట్టిచ్చిన మొదటి ఫైలు ఉంది కదా, అందులో వరసలు కదలలేదు కదా, అక్కణ్ణించే నింపేస్తే పోదా అన్నాను నేను, నా తెలివికి నేనే మురిసిపోతూ. అక్క అదీ చూసింది. అక్కడ ఇంకో గొయ్యి ఉంది. ఊరొదిలి వెళ్లిపోయిన కుటుంబాల్ని మావయ్యగారు టైపు చెయ్యకుండా దాటేశారు. దాటేసిన వరసలోనే ఒక్కోసారి ఊరి పేరు ఉండేది. దాని కింద డిటోలు మిగిలిపోయి, ఆ పైనున్న వేరే ఊరికి వేళ్లాడాయి. అంచేత నమ్మదగ్గది చేత్తో రాసిన రిజిస్టరు ఒక్కటే. దాన్ని చదవగలిగింది ఆయనొక్కరే. ఆదివారానికి అయిదు రోజులుంది.

రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చునేవారు. కరెంటు పోతే అక్క విసనకర్రతో ఆయనకి విసురుతూ, కాగితం మీద రాసుకునేది. కరెంటు రాగానే గడుల్లోకి ఎక్కించేది. మావయ్యగారు వేలు పెట్టి, "సోంపేట. డిటో. డిటో" అని చదివేవారు, అక్క "సోంపేట, సోంపేట, సోంపేట" అని కొట్టేది. మొదటి రోజు ఆయన గొంతులో కోపం ఉంది. రెండో రోజుకి కథలు మొదలయ్యాయి. "ఈడు మందస నుంచి పనసకాయ ఒకటి ఎత్తుకుని దిగినాడమ్మా, ట్రంకు పెట్టి లేదు. ఈళ్ల నాయన రంభ స్టేషన్లో టీ కొట్టు పెట్టినాడు, ఆ టీ తాగి నాను వారం పడుకున్నాను." నేను వెనక బల్ల మీద కూర్చుని వింటూ, ఆ అయిదు రోజుల్లో ఎన్ని వడలు తిన్నానో నాకే తెలియదు. ఒక దశలో వంటింట్లో పప్పు రుబ్బే రాయి అరిగిపోయి గులకరాయంత మిగిలింది.

నాలుగో రోజు ఒక చోట వేలు ఆగిపోయింది. అక్క రెండుసార్లు "ఊఁ" అంది. లేచి వెళ్లి చూశాను. వేలు కింద ఉన్నది ఆయన సొంత వరస. ఇంటిపేరు, తండ్రి పేరు. ఊరి గడిలో డిటో. దాని పైన ఆయన స్నేహితుడి కుటుంబం. వాళ్లు ఎప్పుడో ఖుర్దారోడ్డు బదిలీ అయి వెళ్లిపోయారు, ఆ స్నేహితుడు పోయి కూడా చాలా కాలమైంది. అంచేత ఆ వరసను మావయ్యగారు టైపు చెయ్యలేదు. అంటే అచ్చు కాబోయే పుస్తకంలో తన ఊరు కూడా తానే తప్పు పెట్టుకున్నారు.

"నర్సన్నపేట" అన్నారు మావయ్యగారు. "ఆడి ఊరు రాసీసి కింద నాది డిటో కొట్టినాను. ఒకే రైల్లో వచ్చినాం మా నాయిన్లతోటి. ఒకే కిటికీ కాడ కూకున్నాం."

"ఆయన్నీ పెట్టమంటారా?" అంది అక్క.

"ఊల్లో లేనోడిని ఎలా పెడతావమ్మా?"

"ఇది ఒచ్చినోల్ల పుస్తకం గద మావయ్యగారూ. ఎల్లిపోయినోల్లూ ముందు ఒచ్చినోల్లే గదా."

ఆయన కళ్లజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. తుడవవలసింది అద్దాలు కాదని నాకు తెలుసు. నేను పెద్దవి చేసి చెప్పే మనిషినే గానీ, ఇక్కడ ఒక్క అక్షరం కలపలేదు.

ఆ మాటతో దాటేసిన కుటుంబాలన్నీ తిరిగి వచ్చాయి. వందల కొద్దీ గడులు మారాయి, కొత్త వరసలు చొచ్చుకొచ్చాయి, పట్టిక పది పేజీలు పెరిగింది. ఎవరైనా అయితే అక్కడ కూలబడి ఏడ్చేవారు. మా అక్క కట్టిన పట్టిక మాత్రం, కొత్త చుట్టాలు వస్తే జరిగి కూర్చునే మనుషుల్లా, వరసలన్నీ కిందికి జరిగి చోటిచ్చింది. ప్రతి పేజీ పైనా తలకట్టు దానంతటదే వచ్చి నిలబడింది. ఒక్క గీత చెదరలేదు. ఒక్క గడి పేజీ దాటలేదు. గోడలు ఇక్కడే కట్టుకోవడం అంటే ఏమిటో నాకు ఆరోజు కళ్లకు కట్టింది. శనివారం రాత్రికి ప్రతి ఇంటికీ తన ఊరు తన గడిలో పూర్తిగా ఉంది. డిటో అనే మాట ఎక్కడైనా మిగిలిందేమోనని అక్క ఫైలంతా వెతికించింది. లేదని చెప్పింది మిషను. ఆవిడ నమ్మలేదు, కాగితం మీద తీసి, కళ్లతో మళ్లీ వెతికింది.

ఆదివారం సమావేశం. గంజాం జిల్లాలో తెలుగు మాట్లాడే ప్రాణి ఏదీ ఆ రోజు ఇంట్లో లేదని నా నమ్మకం. అధ్యక్షులు లేచారు. చేతిలో పాత ప్రూఫు, దాని మీద ఎర్ర సున్నాలు, కుంకం బొట్లు పెట్టినట్టు. "ఈ ప్రూఫు నాను చూసినాను. మాది టెక్కలి. ఇందులో మా గడి కాకినాడకి డిటో. నాను అప్పుడే సెప్పినాను, ఇక్కడ అవ్వదని" అన్నారు. తర్వాత మా అక్క వైపు చూసి, నవ్వి, "సిస్టం మీద కప్పడానికి గుడ్డ మా కొట్లోంచి పంపిస్తానమ్మా, మంచి గుడ్డ" అన్నారు. జనం నవ్వారు. అక్క చేతిలో కొత్త ప్రూఫుల కట్ట ఉంది. లేచి, తప్పు తనదేనని చెప్పబోయింది. నోరు తెరిచింది కూడా.

ఆ లోపల మావయ్యగారు లేచారు. సర్వీసంతా పై ఆఫీసరుకి ఒక్క వివరణ కూడా రాసివ్వలేదని గర్వంగా చెప్పుకునే మనిషి. గొంతు సవరించుకున్నారు. "తప్పు ఈ అమ్మాయిది కాదు. డిటోలు నావి. నా ఊరు కూడా నానే తప్పెట్టుకున్నాను. ఎనకటి మనుషుల్ని దాటీసింది కూడా నానే. మా కోడలు ఇంటింటికీ ఎవలూరు వాళ్లకి తిరిగి రాసిచ్చినాది. సూసుకోండి" అని, కట్ట తీసుకుని ఆయనే పంచడం మొదలెట్టారు.

ఆ తర్వాత ఎవరూ ఎవరి ఉపన్యాసమూ వినలేదు. హాలంతా కాగితాల గలగల, వేళ్లు గడుల మీద పాకడం. ఎక్కడో ఒకాయన "ఇదుగో మా తాత!" అని అరిచాడు, తాత తలుపు తీసుకుని లోపలికి వచ్చినట్టు. అధ్యక్షులు తమ పేజీ తీశారు. వేలు ఇంటిపేరు దగ్గర మొదలై, అడ్డంగా నడిచి, ఊరి గడిలో ఆగింది. టెక్కలి. మళ్లీ ఒకసారి చూశారు. పక్కవాడి పేజీలో కూడా చూశారు. టెక్కలే.

"ఏటి బాబూ, ఊరు దొరికినాదా?" అంది సోనేపూర్ పెద్దమ్మ ముందు వరసలోంచి.

"దొరికినాది పెద్దమ్మా" అన్నారాయన, నిండు గొంతు కాస్త తగ్గించి.

"అయితే ఆ గుడ్డేదో పట్టుసీర పంపించండి. కోడలు కట్టుకుంటాది."

ఈసారి నవ్విన నవ్వుకి హాలు పైకప్పు జానెడు లేచి మళ్లీ కూర్చుంది. అధ్యక్షులు కూడా నవ్వారు. మంచి మనిషి, గొంతు మాత్రమే పెద్దది. పుస్తకం బరంపురంలోనే అచ్చయింది. హల్దియాపదర్ ప్రెస్సులోనే వేశారు. ఇచ్ఛాపురం వెళ్లమని చేతులు జోడించిన ఆ యజమానే, మొదట అచ్చయిన పెద్ద కాగితాన్ని మిషను మీంచి తీసి, తనకు ఒక్క అక్షరం తెలియని ఆ తెలుగు పట్టికను వెలుగులోకి ఎత్తి పట్టుకుని, "బహుత్ భలో అపా", చాలా బాగుందక్కా, అన్నాడు మా అక్కతో. నేను మా అక్కకు తమ్ముణ్ణని ఆ రోజు ఆ వీధిలో కనపడ్డ ప్రతివాడికీ చెప్పాను. ఇద్దరు ఆటోవాళ్లు, ఒక పోస్టుమాను కూడా ఉన్నారు వాళ్లలో. అడక్కపోయినా చెప్పాను.

ఆ పుస్తకంలో మావయ్యగారి వరసకీ ఆయన స్నేహితుడి వరసకీ మధ్య ఇప్పుడు చాలా పేజీల దూరం ఉంది. ఇంటిపేర్లు వేరు గదా మరి. ఇద్దరి గడుల్లోనూ నర్సన్నపేట అని పూర్తిగా ఉంది. మావయ్యగారు ఉన్నన్నాళ్లూ పుస్తకం తీస్తే ఒక వేలు ఈ పేజీలో, ఒక వేలు ఆ పేజీలో పెట్టుకుని కూర్చునేవారు. పక్కపక్కనే ఉన్నన్నాళ్లూ ఒకరి పేరు కింద ఇంకొకరికి చిన్న గుర్తు చాలనుకుంటాం. కాలం వచ్చి వరసలు మార్చేసి పోతుంది. అప్పటికి మన ఊరు మన గడిలో పూర్తిగా రాసిపెట్టినవాళ్లు ఇంట్లో ఒక్కరున్నా, ఎన్ని పేజీల అవతల ఉన్నా దొరుకుతాం.